పాత బోటులో కొత్త స్టీరియో: పసుపు వైరును పసుపుకే కలపవచ్చా?

పాతబోటు అడిగారు:

నా దగ్గర ఉన్నది ఆరు మీటర్ల పొడవున్న పాత ఫైబర్‌గ్లాస్ బోటు. పెట్రోలు ఇంజను వెనుక భాగంలో, మూత కింద ఉంటుంది. డ్యాష్‌బోర్డులో రెండు గుండీలతో, క్యాసెట్టు పెట్టుకునే పాత స్టీరియో ఒకటి ఉండేది. రెండేళ్లుగా అది మూగబోయింది. దాని స్థానంలో పెట్టడానికి, బోట్ల కోసమే తయారైన, నాలుగు స్పీకర్లకు విడివిడిగా ధ్వని పంపే నాలుగు చానళ్ల కొత్త స్టీరియో తెచ్చుకున్నాను. పాతదాన్ని బయటికి లాగి చూస్తే ప్లగ్గు అంటూ ఏమీ లేదు. నాకంటే ముందు ఈ బోటును వాడినవారు వైర్లను ఎక్కడికక్కడ కత్తిరించి, మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టి వదిలేశారు. ఆ టేపు జిగురు కరిగిపోయి చేతికి తారులా అంటుకుంటోంది.

టేపు విప్పాక బోటు వైపు తొమ్మిది వైర్లు తేలాయి: తెలుపు, బూడిద, ఆకుపచ్చ, గోధుమ, ఊదా, ఎరుపు, పసుపు, వీటితోపాటు రెండు నల్లవి. కొత్త స్టీరియో వెనుక నుంచి వచ్చే కట్టలో తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా వైర్లు ఉన్నాయి. వాటిలో ప్రతిదానికీ అదే రంగు మీద నల్ల గీత ఉన్న జోడీ ఒకటి ఉంది. ఇవి కాక పసుపు, ఎరుపు, నలుపు, నీలం మీద తెల్ల గీత ఉన్నది, నారింజ రంగుది మరో ఐదు. బోటులో స్పీకర్లు నాలుగు: డ్యాష్‌బోర్డుకు రెండు పక్కలా రెండు, వెనుక కూర్చునే చోట రెండు.

రంగులు చాలావరకు సరిపోతున్నాయి కాబట్టి తెలుపును తెలుపుకు, ఊదాను ఊదాకు, పసుపును పసుపుకు కలిపేద్దామని అనుకున్నాను. కాని రెండు సందేహాలు నన్ను ఆపాయి. ఒకటి, గోధుమ రంగు వైరు ఎటూ కాకుండా మిగిలిపోతోంది. రెండు, కొత్త స్టీరియోలో నల్ల గీత వైర్లు నాలుగు ఉండగా బోటు వైపు నల్లవి రెండే ఉన్నాయి. ఒక్కో నల్ల వైరుకు రెండేసి గీత వైర్లను కలిపితే సరిపోతుందా? నా దగ్గర మామూలు డిజిటల్ మల్టీమీటరు ఉంది, వాడడం కొద్దిగా తెలుసు.

తెడ్డు రాశారు:

పాతబోటు గారూ, మీరు ఆగి అడగడం మంచిదైంది. రంగులను చూసి కలిపి ఉంటే, మొదటిసారి స్విచ్చి వేసిన క్షణంలోనే ఫ్యూజు పోవడమో, స్టీరియో పోవడమో జరిగి ఉండేది. మీ కట్టలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినవి పసుపు, ఊదా వైర్లు.

స్టీరియోలు తయారు చేసేవారు ఒక రంగుల పద్ధతిని పాటిస్తారు. అందులో పసుపు అంటే ఎప్పుడూ పన్నెండు వోల్టులు ఉండవలసిన వైరు. గడియారమూ, మీరు ఎంచుకున్న స్టేషన్లూ మరిచిపోకుండా ఉండేది దానివల్లే. ఎరుపు అంటే స్విచ్చి వేసినప్పుడు మాత్రమే విద్యుత్తు వచ్చే వైరు, నలుపు అంటే మైనస్. తెలుపు ముందు ఎడమ స్పీకరుకు, బూడిద ముందు కుడికి, ఆకుపచ్చ వెనుక ఎడమకు, ఊదా వెనుక కుడికి ప్లస్ వైర్లు. నల్ల గీత ఉన్న జోడీలు వాటి మైనస్‌లు. ఇది కార్ల లోకం నుంచి వచ్చిన భాష.

బోటులో వైరింగు చేసేవారిది వేరే భాష. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణాలను అనుసరించి వైరింగు చేసిన బోట్లలో బ్యాటరీ మైనస్‌కు నలుపు గాని, పసుపు గాని వాడతారు. ఇంట్లో వాడే తరహా ఏసీ వైరింగులో నలుపు ప్రాణాంతకమైన వైరు కావచ్చు కాబట్టి, రెండూ కలగాపులగం కాకూడదని పసుపుకే మొగ్గు చూపుతారు. అదే పద్ధతిలో ఊదా రంగు ఇగ్నిషన్ వైరు, అంటే తాళం తిప్పగానే ప్లస్ వచ్చేది. గోధుమ రంగు సాధారణంగా పంపులకు వాడేదే అయినా, మీ బోటులో అది దేనికి పోతోందో రంగును బట్టి చెప్పలేము. మీరు పసుపును పసుపుకు కలిపితే స్టీరియోలో ప్లస్ రావలసిన చోటికి మైనస్ వెళుతుంది. ఊదాను ఊదాకు కలిపితే స్పీకరుకు పాట పంపవలసిన వైరులోకి పన్నెండు వోల్టులు ఎదురు వస్తాయి. ఒకే రంగు, రెండు అర్థాలు. అందులోనూ మీ బోటును ఇంతకుముందే ఎవరో కెలికారు, కాబట్టి ఏ పద్ధతినీ పూర్తిగా నమ్మలేము.

అందుకే మీటరుతో మొదలుపెట్టండి. అంతకంటే ముందు ఇంజను మూత తెరిచి, గాలి పంకాను కొంతసేపు తిప్పండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, అది బోటు అడుగున పేరుకుంటుంది; డ్యాష్‌బోర్డు దగ్గర చిన్న నిప్పురవ్వ పుట్టే పని చేస్తూ దాన్ని మరిచిపోకూడదు. వైర్ల కొసలు ఒకదానికొకటి తగలకుండా విడదీసి, మెయిన్ స్విచ్చి వేసి, మీటరు నల్ల మొనను నేరుగా బ్యాటరీ మైనస్ మీదనే ఉంచండి. వైరు పొట్టిదైతే ఒక పొడుగు వైరు కలుపుకోండి. ఎర్ర మొనను తొమ్మిది వైర్లకూ ఒక్కొక్కటిగా ఆనించి, తాళం తిప్పకముందు ఒకసారి, తిప్పాక ఒకసారి వోల్టులు రాసుకోండి. ఆ తరువాత బ్యాటరీని పూర్తిగా విడదీసి, మిగిలిన వైర్ల మధ్య ఓమ్‌లు, అంటే విద్యుత్తుకు ఎదురయ్యే నిరోధం, కొలవండి. నాలుగు ఓమ్‌ల స్పీకరు మీటరు మీద మూడుకు కాస్త ఎక్కువగా, మూడున్నర ప్రాంతంలో చూపిస్తుంది; ఎనిమిది ఓమ్‌లదైతే ఆరు, ఏడు మధ్య చూపిస్తుంది. కొలిచే ముందు మీటరు రెండు మొనలనూ ఒకదానికొకటి తాకించి, వచ్చిన అంకెను తరువాతి లెక్కల్లోంచి తీసివేయడం మరిచిపోకండి.

లంగరు రాశారు:

తెడ్డు గారు చెప్పినదంతా సరే. రెండో ప్రశ్నకు, అంటే రెండు నల్ల వైర్ల సంగతికి, నేను జవాబు రాస్తాను. ఆ పాఠాన్ని ఒక స్టీరియోను పోగొట్టుకుని నేర్చుకున్నాను కాబట్టి.

పాతకాలపు స్టీరియోలలో చాలావాటికి స్పీకర్ల మైనస్‌లు అన్నీ ఒకే చోటికి, అంటే స్టీరియో పెట్టె ఇనుప ఒంటికే వచ్చి చేరేవి. అందుకని అప్పట్లో బోటు కట్టేవారు స్పీకరు స్పీకరుకూ విడిగా మైనస్ లాగకుండా, పక్కకొకటి చొప్పున రెండు వైర్లతో, కొన్నిచోట్ల ఒకే ఒక్క వైరుతో పని కానిచ్చేవారు. దానిలో తప్పేమీ లేదు, ఆ స్టీరియోకు అది సరిపోయింది.

ఇప్పటి స్టీరియోల లోపలి అమరిక వేరు. ప్రతి స్పీకరుకూ రెండు చిన్న యాంప్లిఫయర్లు ఎదురెదురుగా నిలబడి పనిచేస్తాయి. ఒకటి నెట్టినప్పుడు రెండోది లాగుతుంది. పాట లేనప్పుడు కూడా ఆ రెండు వైర్ల మీదా బ్యాటరీ వోల్టుల్లో సగం, అంటే సుమారు ఆరు వోల్టులు నిలిచి ఉంటాయి. రెండింటి మీదా సమానంగా ఉండడం వల్ల స్పీకరుకు ఏమీ తెలియదు. కాని ఆ గీత వైరును ఎక్కడైనా బోటు మైనస్‌కు తగిలిస్తే ఆరు వోల్టులూ నేరుగా మైనస్‌లోకి పోతాయి. రెండు చానళ్ల గీత వైర్లను ఒకదానికొకటి ముడివేసినా అంతే. ఒకదాని పాట రెండోదాని మీద పడి, రెండూ కొట్లాడుకుంటాయి. మంచి స్టీరియో అయితే తనను తాను కాపాడుకుని ఆగిపోతుంది. నాది ఆగలేదు. వైరింగు చేసిన మెకానిక్కు పాత పద్ధతిలోనే నాలుగు మైనస్‌లనూ ఒకే నట్టు కింద బిగించాడు. పావుగంట పాడింది, వెనుక వేడి బయటికి పోయే చిల్లుల మీద చేయి పెట్టలేకపోయాను, ఆపైన కాలిన వాసన వచ్చింది.

కాబట్టి ఒక్కో నల్ల వైరుకు రెండేసి గీత వైర్లు కలపకూడదు. స్పీకరుకు రెండు చొప్పున మొత్తం ఎనిమిది వైర్లు, ఎక్కడా ఒకదానితో ఒకటి కలవకుండా, బోటు మైనస్‌కు తగలకుండా స్టీరియో దాకా రావాలి. నల్ల వైర్లకూ బ్యాటరీ మైనస్ వైరుకూ మధ్య కూడా ఓమ్‌లు కొలిచి చెప్పండి.

పాతబోటు రాశారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ రోజు పొద్దున్న మూడు గంటలు కూర్చుని కొలిచాను. మీటరు మొనల 0.2 ఓమ్‌లను తీసివేశాక వచ్చిన అంకెలు ఇవి.

ఎరుపు మీద మెయిన్ స్విచ్చి వేసి ఉన్నంతసేపూ 12.6 వోల్టులు ఉన్నాయి, తాళంతో సంబంధం లేదు. ఊదా మీద తాళం తిప్పకముందు సున్నా, తిప్పాక 12.4. పసుపు మీద ఎప్పుడూ సున్నా. కాని ఎర్ర మొనను ఎరుపు మీద, నల్ల మొనను పసుపు మీద ఉంచితే 12.6 వచ్చింది, అంటే తెడ్డు గారు అనుమానించినట్టే పసుపు బోటు మైనస్. కలిపేసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఒళ్లు జలదరించింది.

తెలుపుకూ మొదటి నలుపుకూ మధ్య 3.4 ఓమ్‌లు, ఆకుపచ్చకూ అదే నలుపుకూ మధ్య 3.6. బూడిదకూ రెండో నలుపుకూ మధ్య 3.5. గోధుమకూ రెండో నలుపుకూ మధ్య మాత్రం మీటరు ఏమీ చూపలేదు, తెగిన వైరులా ఉంది. రెండు నల్ల వైర్ల మధ్యా 0.1 ఓమే వచ్చింది, వాటికీ పసుపుకూ మధ్య కూడా అంతే. వెతుక్కుంటూ పోతే, మీటర్ల ప్యానెల్ వెనుక ఉన్న మైనస్ పట్టీ మీద, పచ్చగా తుప్పు పట్టిన ఒక స్క్రూ కింద, రెండు నల్ల వైర్ల నుంచీ చీల్చి తెచ్చిన కొసలు కలిసి బిగించి ఉన్నాయి.

వెనుక స్పీకర్ల దాకా కొత్త వైరు లాగాలంటే పక్క పలకల లోపలి నుంచి పోవాలి, అది చాలా శ్రమ. లాగకుండా సరిపెట్టే మార్గం ఏమైనా ఉందా? అలాగే తాళంతో వచ్చే ఊదాను స్టీరియో ఎరుపుకు ఇస్తే ఇంజను ఆపగానే పాట కూడా ఆగిపోతుంది కదా, అది బాగుంటుందా?

లంగరు రాశారు:

ముందుగా ఆ స్క్రూ కింది కొసలను తీసి, విడివిడిగా కప్పేయండి. ఆ పని చేయకుండా మరేదీ మొదలుపెట్టకండి.

వైరు లాగకుండా సరిపెట్టే మార్గం ఒకటి ఉంది, నాకు నచ్చకపోయినా చెబుతాను. ఎడమ వైపు తెలుపు, ఆకుపచ్చ వైర్లను ఒకే చానలుకు రెండు కొసలుగా కలిపి, వాటి మధ్య ఉన్న నల్ల వైరును ఎక్కడా తగలకుండా కప్పేస్తే, ముందు స్పీకరూ వెనుక స్పీకరూ సిరీస్‌లోకి, అంటే ఒకదాని తరువాత ఒకటిగా ఒకే దారిలోకి, వస్తాయి. నాలుగూ నాలుగూ కలిసి ఎనిమిది ఓమ్‌లు అవుతుంది, స్టీరియోకు ఏ ప్రమాదమూ లేదు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. విద్యుత్తు ముందు స్పీకరులో ప్లస్ నుంచి మైనస్‌కు పోయి, నల్ల వైరు మీదుగా వెనుక స్పీకరులో మైనస్ నుంచి ప్లస్‌కు పోతుంది; ఒక స్పీకరు పొర ముందుకు వస్తుంటే రెండోది వెనక్కి పోతుంది, తబలా, బాస్ గిటారు లాంటి మంద్రధ్వనులు ఒకదాన్నొకటి మింగేసుకుంటాయి. కాబట్టి వెనుక స్పీకరు దగ్గర రెండు వైర్లనూ అటుదిటు మార్చాలి.

రెండు స్పీకర్లనూ ప్యారలల్‌లో, అంటే పక్కపక్కనే రెండు దారులుగా, ఒకే చానలుకు కలపాలని మాత్రం అనుకోవద్దు. అవి రెండు ఓమ్‌లు అవుతాయి, స్టీరియో పుస్తకంలో రెండు ఓమ్‌లు భరిస్తుందని రాసి ఉంటే తప్ప అది ఓవర్‌లోడే. మీ పాత స్పీకర్లు ఎనిమిది ఓమ్‌లవై ఉంటే ఆ దారి పనికొచ్చేది.

నాకు సిరీస్ ఎందుకు నచ్చదంటే, ముందు వెనుకల ధ్వనిని విడిగా తగ్గించుకునే వీలు పోతుంది, శక్తి కూడా చాలదు. పెట్టె మీద చానలుకు యాభై వాట్లని రాసినా, 14.4 వోల్టుల నుంచి నాలుగు ఓమ్‌ల స్పీకరుకు శుద్ధమైన ధ్వనితో అందగలిగేది లెక్క ప్రకారం 26 వాట్లకు మించదు, నిజానికి అంతకంటే తక్కువే. అదే సిరీస్‌లో అయితే జంటకు 13, అంటే స్పీకరుకు ఆరున్నర. ఒడ్డున కట్టి ఉన్నప్పుడు సరే, ఇంజను హోరులో అది వినబడదు. ఎలాగూ గోధుమ వైరో, దాని చివర ఉన్న స్పీకరో పోయింది కాబట్టి పలక విప్పక తప్పదు. విప్పినప్పుడే వెనుక రెండింటికీ కొత్త వైర్లు లాగేయండి. విప్పగానే స్పీకరుకు వైర్లు తగిలించే తగరపు కాళ్ల మీదనే ఓమ్‌లు కొలిస్తే పోయింది వైరా, స్పీకరా అన్నది తేలిపోతుంది.

తెడ్డు రాశారు:

ఊదా సంగతి. దాన్ని వాడకండి. అది ఇంజను ఇగ్నిషన్‌కు వెళ్లే వైరు. పాట వినడం కోసం ఇంజను ఆపి తాళం మాత్రం తిప్పి ఉంచితే, పాయింట్లతో, అంటే విద్యుత్తును కలిపి విడదీసే చిన్న లోహపు మొనలతో, పనిచేసే పాత ఇగ్నిషన్‌లో కాయిలు ఊరికే వేడెక్కుతుంది, పాయింట్లు కూడా కాలవచ్చు. స్టీరియోలో ఏదైనా షార్టు అయి ఆ ఊదా వైరు ఫ్యూజు పోతే నీళ్ల మధ్య ఇంజనే ఆగిపోతుంది. ఊదా కొసను కప్పి, దాని మీద పేరు రాసి పక్కన కట్టేయండి.

స్టీరియో నలుపును మీ బోటు పసుపుకు కలపండి. స్టీరియో ఎరుపును ఒక చిన్న స్విచ్చి ద్వారా బోటు ఎరుపుకు ఇవ్వండి. స్టీరియో పసుపును కూడా అదే బోటు ఎరుపుకు కలిపితే, మెయిన్ స్విచ్చి ఆపినప్పుడల్లా స్టేషన్లు మరిచిపోతుంది, అంతే. అది వద్దనుకుంటే మెయిన్ స్విచ్చికి ముందు, బ్యాటరీ నుంచి విడిగా ఒక వైరు తేవాలి, బ్యాటరీకి ఏడు అంగుళాల లోపలే దానికి ఫ్యూజు ఉండాలి. జ్ఞాపకానికి పది మిల్లీ ఆంపియర్లు పీల్చుకుంటుందనుకున్నా, నెల రోజులు కదలని బోటులో అది 7.2 ఆంపియర్ అవర్లు అవుతుంది. నాలుగైదు నెలలు కదలని బోటుకు ఆ ఖర్చు ఎందుకని నా బోటులో నేను రెండింటినీ కలిపేశాను. స్టేషన్లు మళ్లీ పెట్టుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది.

నీలం మీద తెల్ల గీత వైరు విడి యాంప్లిఫయరును మేల్కొలిపేది, నారింజ రంగుది దీపాల వెలుగుకు సంబంధించినది. మీకు రెండూ అక్కరలేదు. విడివిడిగా కప్పండి, కలిపి కాదు.

చుక్కాని రాశారు:

వైరు లాగేటప్పుడు ఏ వైరు లాగుతున్నారన్నది కూడా చూసుకోండి. మామూలు రాగి పోగుల వైరులోకి తేమ కొస నుంచి పాకుతుంది. పాత వైరును ఒక అంగుళం ఒలిచి చూడండి, పోగులు నల్లబడి ఉంటే ఇంకా లోపలికి కత్తిరించవలసిందే. ప్రతి పోగుకూ తగరపు పూత ఉన్న మెరైన్ వైరు తీసుకోండి. మందం విషయానికి వస్తే, ఆరు మీటర్ల దూరానికి రానూ పోనూ పన్నెండు మీటర్లు, 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో అది 0.14 ఓమ్‌లు, నాలుగు ఓమ్‌ల స్పీకరు ముందు లెక్కలోకి రాదు. అర చదరపు మిల్లీమీటరు సన్నని వైరైతే 0.42, అంటే పదో వంతు వైరులోనే పోతుంది.

మెలిపెట్టి టేపు చుట్టడం, ప్లాస్టిక్ టోపీలు తిప్పడం బోటులో పనికిరావు. ఇంజను అదురుకు మెలికలు విడిపోతాయి. టంకం ఒక్కదాన్నే నమ్మినా అంతే, టంకం ఆగిన చోట వైరు గట్టిపడి అక్కడే విరుగుతుంది. సరైన పట్టకారతో క్రింపు చేసి, అంటే లోహపు గొట్టంలో వైరును నొక్కి బిగించి, లోపల జిగురు ఉండి వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడిగి వేడి చేయండి. రెండు కొసల నుంచీ జిగురు సన్నని పూసలా ఉబికి వస్తే లోపలికి నీరు పోదని అర్థం. ఈ వేడి చేసే పని ఇంజను గదికి దూరంగా చేయండి. స్పీకరు దగ్గర వైరు ఒక చిన్న వంపుగా కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చేలా వదలండి. వైరు మీదుగా జారిన నీటిబొట్టు ఆ వంపు అడుగున రాలిపోతుంది, తగరపు కాళ్ల దాకా రాదు.

మీ దిక్సూచి స్టీరియోకు దగ్గరలో ఉంటే, స్టీరియోకు వచ్చే ప్లస్, మైనస్ వైర్లను జడలా ఒకదాని చుట్టూ ఒకటి మెలివేయండి. విడివిడిగా పోతే వాటిలో పారే విద్యుత్తు ముల్లును పక్కకు లాగుతుంది.

పాతబోటు రాశారు:

రెండు ఆదివారాలు పట్టింది. పోయినది స్పీకరు కాదు, వైరే; పలక లోపల ఒక స్క్రూ దాన్ని గుచ్చి ఉంచింది, అక్కడ తుప్పు పట్టి తెగింది. వెనుక రెండు స్పీకర్లకూ జంట వైర్లు కొత్తవి లాగాను. ముందు రెండింటికీ పాత వైర్లే ఉంచి, వాటి నల్ల వైర్లను వెనుకకు పోయే చీలిక దగ్గర కత్తిరించి కప్పేశాను. ఇప్పుడు ఏ స్పీకరు వైరుకూ పసుపుతో గాని, ఇంకొక స్పీకరుతో గాని సంబంధం లేదని మీటరుతో మళ్లీ చూసుకున్నాకే స్టీరియోను కలిపాను. నాలుగూ పాడుతున్నాయి. కాని కుడి వైపు కూర్చుంటే మంద్రధ్వని పలుచగా ఉంది, సౌండును ఎడమకు తిప్పితే బాగుంటోంది. లంగరు గారు చెప్పిన అటుదిటు వ్యవహారమేనా?

లంగరు రాశారు:

అదే అయి ఉంటుంది. కుడి వైపు రెండు స్పీకర్ల వైర్లనూ స్టీరియో నుంచి విడదీసి, చిన్న ఒకటిన్నర వోల్టు బ్యాటరీని ఒక్కోదానికి ఒక్క క్షణం తాకించండి. బ్యాటరీ ప్లస్‌ను మీరు ప్లస్ అనుకుంటున్న వైరుకు తాకించినప్పుడు స్పీకరు పొర బయటికి ఉబకాలి. లోపలికి పోతే ఆ స్పీకరు వైర్లు తిరగబడ్డాయని అర్థం. స్టీరియోకు తగిలించి ఉండగా మాత్రం ఈ పని చేయకండి.

పాతబోటు రాశారు:

వెనుక కుడిది లోపలికి పోయింది. వైర్లు మార్చాను, ధ్వని నిండుగా వచ్చింది. దిక్సూచి ముల్లు స్టీరియో పెట్టినా ఆపినా కదలడం లేదు. ఊదా కొసను కప్పి, ‘ఇగ్నిషన్, ముట్టకూడదు’ అని రాసిన కాగితం చుట్టి, దాని మీద పారదర్శకమైన గొట్టం తొడిగాను. పసుపు మీద ‘మైనస్’ అని రాశాను.